ఉన్నదున్నట్టు పలికే పెట్టె

మా మరిదికి చెవులు లేవు. ఉన్నవి రెండూ కళ్ళజోడు తగిలించుకోవడానికి దేవుడిచ్చిన కొక్కేలని నా అభిప్రాయం. ఆయన వృత్తి మాత్రం నరసరావుపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, ఊరేగింపులకీ, కోటప్పకొండ శివరాత్రికి ఊరూరా వెదుళ్ళతో ఎత్తుగా కట్టి తీసుకెళ్ళే ప్రభలకీ సౌండు పెట్టడం. మనిషెత్తు నల్ల డబ్బాలు, వాటి మీద ఇన్ని వేల వాట్లని మెరిసే స్టిక్కర్లు. ఆ స్టిక్కర్లు డబ్బాలతో రావు, విడిగా దొరుకుతాయి. ఏ డబ్బాకి ఏది అంటించాలన్నది ఆ రోజు ఎవరితో పోటీ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆయన పాట మొదలుపెడితే ఎదురింటి కిటికీలు అదురుతాయి. పాడుతున్నది మగో ఆడో తెలియదు, భాష తెలుగో కాదో తెలియదు. "అదిరిపోయింది గదా వదినా" అంటాడు. అదిరిన మాట నిజమే.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఏటేటా ట్రాన్సిస్టర్ బొమ్మ బోర్డు మీద గీస్తాను. పిల్లలు దాన్ని మార్కుల కోసం దించుకుని, పరీక్ష రాసిన మర్నాడు ఊడ్చి పారేస్తారు. వాళ్ళననేం లాభం? మా స్టాఫ్ రూములో సోల్డరింగ్ ఐరన్‌ని ఏ చివర పట్టుకోవాలో తెలిసినవాళ్ళని వెతకాలంటే నాకు అద్దమే దిక్కు. నేను యాంప్లిఫయర్ చేస్తున్నానని తెలిశాక ఒక సహోద్యోగి, "ఎందుకండీ మేడం, ఆన్‌లైన్‌లో పెడితే సాయంత్రానికి ఇంటికొస్తుంది" అన్నారు. ఆయన చెప్పే సబ్జెక్టు కూడా ఫిజిక్సే.

అది ఎందుకు చేయాల్సి వచ్చిందంటే మా మామగారి వల్ల. ఆయన మిరప, పత్తి పండించిన రైతు. కానీ ఊరు ఆయన్ని గుర్తుపెట్టుకున్నది పంటతో కాదు, పద్యంతో. వయసులో ఉండగా పౌరాణిక నాటకాల్లో రాజు వేషం కట్టేవారు. శివరాత్రికి కొండ కింద మా ఊరి ప్రభ నిలబెట్టిన చోట వేదిక మీద ఆయన రాగం తీస్తే పక్క ఊరి ప్రభ దగ్గర జనం కూడా లేచి ఇటొచ్చేవారని చెబుతారు. కొన్నేళ్ళ కిందట ఆయన గొంతులో గడ్డకి ఆపరేషన్ జరిగింది. గడ్డ పోయింది, దాంతోపాటే గొంతూ పోయింది. ఇప్పుడు మాట్లాడితే గాలే వస్తుంది. పక్కన కూర్చుని వింటే ఆ గాలిలో మాటలు తెలుస్తాయి.

ఆపరేషన్ తర్వాత మా ఇంట్లో ఒక జాడ్యం మొదలైంది. వచ్చిన ప్రతివాడూ మంచం పక్కన కుర్చీ లాక్కుని, "మీ గొంతంటే ఏందనుకున్నారు, కొండ మారుమోగేది గదా" అని నిట్టూర్చడం. మనిషి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుంటే వీళ్ళు మాత్రం పోయినవాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేవారు. చివరికి ఆయన నాటకాలకి హార్మోనియం వాయించిన స్నేహితుడు కూడా అలాగే తయారయ్యాడు. వెనకటికి ఆ మనిషి మా గుమ్మంలోకి అడుగుపెడుతూనే "ఒరేయ్ శ్రుతి లేనోడా" అని కేకేసేవాడు. ఇప్పుడు చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవాడు. మామగారు ఆయన వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయేవారు.

ఇలా ఉండగా మా మరిదికి అటకమీద పాత క్యాసెట్ ఒకటి దొరికింది. వేదిక దగ్గర ఎవరో టేప్ రికార్డర్ పెట్టి పట్టిన మామగారి పద్యాలు. వెంటనే ఈయనకి పితృభక్తి పొంగింది. ఈ శివరాత్రికి మా ఊరి ప్రభ మీద నుంచి నాన్న గొంతు వినిపించాలన్నాడు. పద్యాన్ని ఫోన్‌లోకి ఎక్కించి, దానికి ఎకో కలిపి, కింద దడదడమని తాళం కలిపి, వరండాలో తన డబ్బాల్లోంచి వేశాడు. బావిలో పడ్డవాడెవడో తాడు కోసం అరుస్తున్నట్టుంది. ఆ అరుపుకి మా అత్తగారు కళ్ళొత్తుకున్నారు, ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టారు. మా ఆయనకి ఇలాంటి గొడవల్లో ఏ పక్షమూ ఉండదు, పేపరు తిరగేశారు. మామగారు మాత్రం గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు నేను ఆన్సర్ పేపర్లు దిద్దుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు.

"అమ్మాయ్, నిన్న పాడింది నేనేనా?"

"మీరే మామయ్యా. పైన మీ అబ్బాయి పాండిత్యం కూడా ఉంది."

ఆయన నవ్వలేదు. "జనంలో ఎయ్యకముందు నేను ఇనాలి. నాకసలు గొంతుండేదా, లేకపోతే ఈళ్ళంతా జాలిపడి చెప్తన్నారా? ఎవుర్నడిగినా కొండ మోగిందంటారు. కుక్క మొరిగినా కొండ మోగుద్ది. దేన్నీ కలపకుండా, ఉన్నదున్నట్టు ఇనిపించు."

ఆ మాట అడగడానికి ఆయన ఎన్నాళ్ళు ఊపిరి కూడబెట్టుకున్నారో అనిపించింది. ఎర్ర పెన్నుకి మూత పెట్టి, సరేనన్నాను.

ఇంట్లో వినే సాధనాలు లేక కాదు. టీవీ కింద ఒక సౌండ్ బార్, మరిది బహూకరించిన బ్లూటూత్ డబ్బా ఉన్నాయి. ఆ రెంటికీ సొంత అభిప్రాయాలెక్కువ. వార్తలు చదివే అమ్మాయిని కూడా పీపాలో కూర్చోబెట్టి మాట్లాడిస్తాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుందామంటే ఆపరేషన్ తర్వాత మామగారికి చెవిలో పోటు. అందుకని నేనే చేద్దామనుకున్నాను.

ట్రాన్సిస్టర్‌ని కలిపే పద్ధతుల్లో ఎమిటర్ ఫాలోయర్ అని ఒకటుంది. దానికి ఆడంబరం లేదు. లోపలికి ఎంత వోల్టేజి వస్తే బయటికీ దాదాపు అంతే ఇస్తుంది. పెంచదు, పైగా పిసరంత తగ్గిస్తుంది. అది ఇచ్చేదల్లా బలం, అంటే స్పీకర్ లాంటి మొండిదాన్ని కదిలించడానికి కావలసిన కరెంటు. వచ్చిన అల ఎలా ఉందో అలాగే పట్టుకుని వెనకాలే నడుస్తుంది, తన కవిత్వం జోడించదు. మా ఇంట్లో ఆ గుణం ఉన్న మనిషి ఒక్కరూ లేరు గనక కనీసం ఒక పెట్టెకైనా ఉండాలనుకున్నాను.

కావలసిన సామాను కోసం పేటలో స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళాను. కొట్టతను నా చీర చూసి మిక్సీ రిపేరనుకున్నాడు. పవర్ ట్రాన్సిస్టర్లు అడిగితే, "అయ్యెందుకమ్మా, రెడీమేడ్ బోర్డుంది. బ్లూటూత్ వస్తది, లైట్లు కూడా ఎలుగుతయ్" అన్నాడు. లైట్లు వెలగకపోయినా ఫరవాలేదన్నాను. పాపం, ఈవిడకేదో అయిందన్నట్టు చూశాడు. ట్రాన్సిస్టర్ల వేడిని లాగి గాలికి వదిలే హీట్ సింకు పాతసామాన్ల కొట్టులో, చచ్చిపోయిన ఒక వెల్డింగ్ మిషన్ కడుపులో దొరికింది. మందపాటి అల్యూమినియం దిమ్మ, దువ్వెన పళ్ళలా వరసగా రెక్కలు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

ఆ దిమ్మ అవసరం ఏమిటంటే, నేను ఎంచుకున్న పద్ధతిలో ట్రాన్సిస్టర్ ఎప్పుడూ నిండుగా పనిచేస్తూనే ఉండాలి. పాట ఉన్నా లేకపోయినా కరెంటు పారుతూనే ఉంటుంది. అందువల్ల పలుకు శుభ్రంగా వస్తుంది, పెట్టె మాత్రం పెనంలా కాలుతుంది. ఎండలకి పేరుమోసిన పల్నాట్లో కూర్చుని, డబ్బిచ్చి కొన్న కరెంటుతో ఇంకొంచెం వేడి పుట్టించే తెలివి ఈ ఒక్క ఇంట్లోనే ఉందని మా మరిది వీధంతా చాటింపు వేశాడు. అత్తగారు వచ్చి దిమ్మ మీద అరచెయ్యి పెట్టి చూసి, "ఏమే, ఇది పాడుద్దా, అన్నం ఉడకేస్తదా?" అని అడిగారు. ఆ ప్రశ్న గుర్తుంచుకోండి.

మొదటిసారి, సొంత స్పీకర్ లేని మా పాత టేప్ డెక్ కలిపి వేసినప్పుడు స్పీకర్‌లోంచి చీమ నడిచినంత చప్పుడు వచ్చింది. ఏటేటా నేనే బోర్డు మీద రాసే వాక్యం: ఫాలోయర్ వోల్టేజిని పెంచదు. టేపు ఇచ్చేదే పిసరంత, బయటికొచ్చేదీ ఆ పిసరే. మరిది నడుం మీద చేతులేసుకుని నిలబడి, "యాంప్లిఫయర్ అంటివి, ఇది పెంచట్లేదే వదినా! దీనికన్నా నా ఫోను నయం" అని పడీపడీ నవ్వాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక శాస్త్రీయ సత్యం పలికాడు. అది పలికానని ఆయనకి తెలియదు.

ఫాలోయర్ కట్టడం సులువు. దాన్ని తోలడమే కష్టం. స్పీకర్ దగ్గర అల ఎంత ఎత్తు లేవాలో అంత ఎత్తూ ముందు కూర్చునే చిన్న ట్రాన్సిస్టరే లేపాలి. పెద్దది కేవలం ఆ ఎత్తుని మోస్తుంది. ఆ చిన్నదానికి పెద్దదానికన్నా కాస్త ఎక్కువ వోల్టేజి ఇవ్వాలి, లేకపోతే గట్టిగా రాగం తీసిన చోటల్లా అల తల తెగి, గొంతు బొంగురుపోతుంది. నాటకం పద్యంలో అసలు ప్రాణమంతా ఆ పై రాగంలోనే ఉంటుంది. దాన్ని కోసేశాక మిగిలేది మా మరిది దగ్గర ఎటూ ఉంది. అందుకని చిన్నదానికి వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. పొలాల మోటార్లు ఆన్ అయ్యేసరికి కరెంటు కుంగి స్పీకర్ గుయ్యిమనేది, దానికి పెద్ద కెపాసిటర్లు వేసి నోరు మూయించాను. కాలేజీ నుంచి రావడం, కూర్చోవడం, విప్పడం, మళ్ళీ కట్టడం. చివరికొక సాయంత్రం రేడియో కలిపితే, వార్తలు చదివే ఆయన కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. చదివేది కాదు, కాగితం! ఒక్కదాన్నే గదిలో గట్టిగా నవ్వాను.

ఆదివారం మధ్యాహ్నం మామగారికి వినిపిస్తానని చెప్పాను. పెట్టె కుదురుకోవడానికి కాసేపు వేడెక్కాలి, అందుకని ఆన్ చేసి, స్నానానికి వెళ్ళాను. ఫిబ్రవరి నెల. మా వీధిలో ఏ డాబా మీద చూసినా ఎర్రగా మిరపకాయలే. మా అత్తగారు ఇంటికారం కోసం ఏరిన కాయలకి ముందు రోజు మంచుకి తేమ తగిలింది. ఆవిడకి ఆ వేడి దిమ్మ గుర్తొచ్చింది. ఊరికే కాలి వృథా అయిపోతున్న వేడి! మిరపకాయల్ని రెక్కల మధ్య వరసగా పేర్చి, దుమ్ము పడకుండా పైన మందపాటి తుండుగుడ్డ కప్పారు. గాలి ఆడక దిమ్మ ఉడికిపోయింది. కాయలు చిట్లి, గింజలు జారి, లోపల నిప్పులా కాలే సిమెంటు రెసిస్టర్ల మీద పడ్డాయి.

ఇంట్లో మిరపకాయ మాడితే ఏమవుతుందో గుంటూరు, పల్నాడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చేసరికి గదంతా ఘాటు. మామగారు ముందుగానే వచ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నారు. కోసిన గొంతు అది, పొగ తగలకూడదని డాక్టర్ మరీమరీ చెప్పిన గొంతు. దగ్గు వస్తోంది, శబ్దం రావడం లేదు. ముఖం నల్లబడింది. నేనూ మరిదీ కుర్చీతో సహా ఎత్తి వరండాలోకి తెచ్చాం. ఊపిరి సర్దుకునేదాకా పేపరుతో విసురుతూనే ఉన్నాను.

"నాన్నను చంపేస్తావా వదినా!" అని మరిది అరిచాడు.

"ఊరికే కాలతంది గదా అని ఏశా" అన్నారు అత్తగారు. "అంత కాలేదాన్ని ఇంట్లో ఎవురు పెట్టమన్నారు?"

సాయంత్రానికి తీర్పు వచ్చేసింది. మిరపకాయలు నిర్దోషులు, తుండుగుడ్డ నిర్దోషి, పెట్టె నేరస్తురాలు, దాన్ని కన్నందుకు నేనూ. ఇరుగుపొరుగు వచ్చి పరామర్శించి, ఆడవాళ్ళకి ఎలక్ట్రానిక్సు అచ్చిరాదని నాకు చెప్పి మరీ వెళ్ళారు. ట్రాన్సిస్టర్లు మాడిపోయాయి. నిజంగానే ఆ రోజు నేను దాన్ని తిరిగి పాతసామాన్లకి వేసేద్దామనుకున్నాను. కోపంతో కాదు, భయంతో.

మూడో నాడు మామగారు వచ్చి, మాడిన దిమ్మని వేలితో తట్టారు. "ఎప్పుడు బాగవుద్ది?"

"వద్దు మామయ్యా. మీకేమైనా అయితే?"

"ఇంకేం అవుద్ది? పోయేది పోయింది. మంచిదో చెడ్డదో, నాదేందో నేను ఇనాలి గదా." ఆ మాటకే ఆయసం వచ్చింది. "ఆడు బ్యానర్ కూడా ఏపించాడు, చూశావా?"

చూశాను. మా సందు మొదట్లో కట్టారు. మామగారి ఫొటో చుట్టూ పూలదండ, కింద "పల్నాటి కోకిల". బతికున్న మనిషికి దండ వేసిన ఫొటో ఏమిటని అడిగితే, డిజైన్‌లో అదే వస్తుందని చెప్పాడు మరిది. ఆ సాయంత్రమే కొట్టుకి వెళ్ళి కొత్త ట్రాన్సిస్టర్లు తెచ్చాను. దిమ్మ చుట్టూ ఎలుకబోను జాలీ బిగించాను. మిరపకాయ కాదు కదా, మా అత్తగారి చిటికెనవేలు కూడా దూరదు.

ప్రభకి వెదుళ్ళు కట్టడం మొదలుపెట్టిన రోజున వినిపించాను. కాలేజీ లేదు. తలుపులు వేసి, ఫ్యాను కట్టేసి, టేపు పెట్టాను. ముందు హార్మోనియం తిత్తి ఊపిరి, ఎవరో చుట్ట దగ్గు, తర్వాత ఆయన.

జనం చెప్పినంత పెద్ద గొంతు కాదది. సన్నగా, గట్టిగా, కొంచెం పొగరుగా ఉంది. ప్రతి మాటా విడిగా, శుభ్రంగా వచ్చి మా ముందు నిలబడింది. పెట్టె దానికి దేన్నీ కలపలేదు, దేన్నీ దాచలేదు. పద్యం చివర రాగం ఎత్తుకుని పైకి, ఇంకా పైకి వెళ్ళి, అందుకోవాల్సిన చోటుకి వెంట్రుకవాసి కింద ఆగింది. అక్కడే నిలబడి ఊగింది. మామగారు వేలెత్తారు. మళ్ళీ వేశాను. మళ్ళీ అక్కడే.

"టేపు నిదానంగా తిరగతందేమో?" అన్నారు నా ముఖంలోకి చూస్తూ.

ఔనంటే సరిపోయేది. పాత టేపు, బెల్టు సాగి ఉంటుంది, అనేస్తే అయిపోయేది. ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఆయనకి చేసింది అదే.

"కాదు మామయ్యా. టేపు నిదానమైతే హార్మోనియం కూడా కిందికి దిగాలి. అది దాని చోటులోనే ఉంది. మీరే దిగారు."

ఆయన పెట్టెకేసి తిరిగారు. తప్పు చేశానేమోననుకున్నాను. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు.

"అక్కడే జారేవాణ్ణి. ఎప్పుడూ అక్కడే. హార్మోనియపోడు చెప్తానే ఉండేవాడు." నా వైపు తిరిగి, "మిగతాది బాగుంది గదా?" అన్నారు.

"చానా బాగుంది మామయ్యా" అన్నాను, ఆయన మాటలోనే. అబద్ధం కాదు.

ఆయన తేల్చేశారు: కొండ దగ్గర వెయ్యొద్దు. మరిది మూతి ముడుచుకున్నాడు. "బ్యానర్ ఏం చెయ్యాలి నాన్నా?" అన్నాడు. మిరపకాయల మీద కప్పుకోమన్నాను. ప్రభ యథావిధిగా దడదడమంటూ కొండకి వెళ్ళింది, ఆ పూట ఎవరి కిటికీలు పగలాలో వాళ్ళవి పగిలాయి.

శివరాత్రి వెళ్ళాక హార్మోనియం ఆయన వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు మెల్లగా విడిచి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, "ఎట్టాంటి గొంతు, అమ్మాయ్, మీ మామది" అని మొదలుపెట్టాడు. నేనేమీ అనకుండా టేపు వేశాను. పద్యం నడిచినంతసేపూ తల ఊపుతూ, ముఖం నిండా జాలి పులుముకుని కూర్చున్నాడు. రాగం పైకి లేచింది, జారింది. ఆయన చెయ్యి ఫట్‌మని తొడ మీద పడింది.

"ఇదిగో! ఇదిగో ఇక్కడే! ఒరేయ్ శ్రుతి లేనోడా, నీకు ఆ పైది అందదురా, కిందనే ముగించి దిగరా అని ఎన్నేళ్ళు మొత్తుకున్నానురా! ఇన్నావా? జనం ఈలలేస్తే చాలు, ఎగేసుకుని పోవడమే! నీ ఎనకాల పడి నా ఏళ్ళు అరిగిపోయినయ్!"

అని, నోరు జారినందుకు గతుక్కుమని నా వైపు చూశాడు. మామగారు కుర్చీలో ముందుకొంగి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, "నువ్వే... హార్మోనియం... ఒక మెట్టు పైన పట్టావురా" అన్నారు.

"నేనా? నేనంట్రా?" అని ఆయన లేచి నిలబడ్డాడు.

ఇక ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఒకరిది అరుపు, ఒకరిది గాలి. అత్తగారు భయపడి వంటింట్లోంచి వచ్చారు. "జబ్బు మనిషిని అట్టా తిడతావేందన్నా" అని ఆయన మీదికి వెళ్ళబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆపరేషన్ జరిగాక మా ఇంట్లో మామగారిని ఒక మనిషి తిట్టడం అదే మొదలు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు.

మరిది గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, నా చెవి దగ్గరికొచ్చి, "ఇంతకీ ఎన్ని వాట్లు వదినా ఇది?" అని అడిగాడు. ఆయన చెవుల గురించి నేను ముందే చెప్పాను.

మామగారు చేత్తో నన్ను పిలిచారు. దగ్గరికెళ్ళి ఒంగాను.

"మళ్ళీ ఎయ్యమ్మాయ్" అన్నారు. "ఆ జారిన కాడ నుంచి."